పదకొండో రీలు మీద కూర్చున్న మనిషి

రండి, దగ్గరికి జరగండి. ఆ వేరుశనక్కాయల చప్పుడు కాస్త ఆపండి, గొంతు చించుకునే ఓపిక నాకు లేదు. ఇది మన శంకరన్‌కోయిల్ రేకుల థియేటర్లో ఆపరేటర్ పేచ్చిముత్తు కథ.

మధ్యాహ్నం ఆట నడుస్తోంది. పేచ్చిముత్తు మెషీను గది గోడ కన్నానికి కుడికన్ను ఆనించి, రేకు డబ్బా మీద కూర్చున్నాడు. మెషీను మంటకి కనుబొమలు ఎప్పుడో మాడిపోయాయి. ఊళ్లో ఆయన ముఖం ఎరిగినవాళ్లు లేరు. బొమ్మ తెగినప్పుడు మాత్రం "ఒరేయ్ ఆపరేటరూ!" అని తల్లినీ కలిపి పిలుస్తారు.

ఆడుతున్నది హత్య సినిమా. పది రీళ్లదాకా ఊపిరి తీసుకోనివ్వదు. వాన, కరెంటు పోయిన పత్తి గోదాం, మూటల మధ్య శవం. ముందు వరసవాళ్ల చెమటకి కింది ఇసకలో చేపలు ఈదాయంటే నమ్మండి. పదకొండో రీల్లో హంతకుడు సంకెళ్లతో నిలబడి, తను పుట్టిన రోజు నుంచీ ఏకరువు పెడతాడు. ఇన్‌స్పెక్టరూ ఏడుస్తాడు. మొదటి రోజు హంతకుడి ముఖమైనా చూడకుండా జనమంతా ఒంటేలుకి లేచిపోయారు. రెండో రోజే పేచ్చిముత్తు ఆ రీలు తీసి డబ్బాలో పడేసి, మూతేసి, దాని మీద కూర్చున్నాడు.

అంతే! బొమ్మలో చంపింది డాక్టరా, బావమరిదా అని ఊరు రెండు ముక్కలైంది. మంగలిది డాక్టర్ పక్షం, గడ్డానికొచ్చినవాడిది బావమరిది పక్షం. ఆ మనిషి నెలంతా సగం గడ్డంతో తిరిగాడు. హాలు మాత్రం రోజూ నిండుతూనే ఉంది.

కబురు మదురైకి పాకి, బొమ్మ కొన్న వరదరాజన్ ఊడిపడ్డాడు. వెంట థియేటర్ యజమాని గోమతినాయగం.

"హంతకుడు లేని హత్య సినిమా ఏందయ్యా? పెళ్లికొడుకు లేకుండా తాళి కట్టినట్టు!" అన్నాడు వరదరాజన్.

పేచ్చిముత్తు కన్నంలోంచి కన్ను తీయలేదు. "మీ బొమ్మ పది రీళ్లదాకా పులి సారూ. పదకొండులో పిల్లిగా మారి పాలడుగుద్ది. నేను పులినే చూపిస్తా."

"అన్నాచ్చీ, ఈ ఒక్క ఆటకీ వేసెయ్. లేదంటే తాళాలిచ్చి ఇంటికెళ్లు" అని బతిమాలాడు గోమతినాయగం.

"ఆటయ్యాక తాళాలిస్తా తంబీ. డబ్బా మీంచి మాత్రం లేవను."

ఇద్దరూ కిందికెళ్లి కూర్చున్నారు. పదో రీలు చివర తుపాకీ పేలింది. దీపాలు వెలిగాయి, ఆరాయి, నేరుగా పన్నెండో రీలు ఎక్కింది. తెరమీద హీరో రైలెక్కి చెయ్యి ఊపుతున్నాడు! హాలంతా ఈలలు. వరదరాజన్ తలపట్టుకున్నాడు.

బొమ్మ అయిపోయినట్టు 'వణక్కం' అని అక్షరాలు పడ్డాయి. తెర తెల్లగా ఉండిపోయింది. దీపాలు వెలగలేదు. "ఒరేయ్ ఆపరేటరూ!" అని అరిచారు.

పైకెళ్లి చూస్తే పేచ్చిముత్తు డబ్బా మీదే ఉన్నాడు, కన్ను కన్నానికే ఉంది. ఒళ్లు చల్లబడింది. చాచిన అరచేతిలో తాళాలున్నాయి.

వరదరాజన్ చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. నలుగురు కలిసి మనిషిని ఎత్తి పక్కన పడుకోబెట్టారు. డబ్బా మిగిలింది, మూత మధ్యలో సొట్టతో. దాని మీద చెయ్యి వేయడానికి ఎవరికీ మనసొప్పలేదు.

"ఎవరైనా డాక్టర్ని పిలవండి!" అన్నారు కిందనుంచి.

మురుకులమ్మే ఆవిడ, ఇసక్కి అని, బుట్టతో సహా మెట్లకి అడ్డంపడింది.

"డాక్టరా? ముందా డబ్బా తెరిచి చూడండయ్యో! చంపింది వాడు కాదని తేలితేనే పైకి రానీండి!"