జడ పూర్తయ్యేలోగా

మా కౌన్సెలింగ్ గదిలో పిల్లల కోసం మూడు ఉన్నాయి: చిట్టి కుర్చీలు, మెత్తటి ఎలుగుబంటి, నేను. పిల్లలు మొదటి రెండింటినీ ఇష్టపడతారు.

ఆ పాపకి ఏడేళ్ళు. ఇంటిగోడ కూలి వాళ్ళమ్మ పోయి నాలుగు నెలలైంది. అప్పట్నుంచి పాప నోట మాట లేదు. మూడోసారి కూర్చోబెట్టినా మాట్లాడకపోతే, అమ్మమ్మ దగ్గర్నుంచి తీసి దూరంగా వసతి గృహానికి పంపాలని పై ఆఫీసు నిర్ణయం. ఆ కాగితం మీద నేను సంతకం పెట్టాలి. ఇవాళ మూడోసారి.

ఫారంలో మొదటి ప్రశ్న: కళ్ళలోకి చూస్తుందా? రెండుసార్లూ 'లేదు' అని టిక్కు పెట్టాను. పెద్దవాళ్ళ మొహంలోకి గుడ్లప్పగించి చూసినందుకు చీవాట్లు తింటూ పెరిగినదాన్నే నేనూ. ఫారం చేతిలో ఉంటే ఆ సంగతి గుర్తు రాదు.

పిల్లతో ఒంటరిగా మాట్లాడాలన్నది నిబంధన. అమ్మమ్మని బయటికి పంపితే దువ్వెనతో తిరిగొచ్చింది.

"జడ సగంలో ఉందమ్మా. వదిలేస్తే చిక్కుపడుతుంది."

"నిబంధన అండీ."

"నీ నిబంధనకి జుట్టుంటే దానికీ వేస్తాలే. కాస్త జరుగు."

ఒళ్ళు మండింది. అయినా జరిగాను. పాప నేలమీద కూర్చుంది, మా ఇద్దరికీ వీపు పెట్టి, గోడకేసి చూస్తూ. నేనూ కింద కూర్చున్నాను. అడగడానికి ప్రశ్నలు అయిపోయాయి కాబట్టి ఏమీ అడగలేదు.

"ఆ రోజు అమ్మని పిలిచాను," అంది పాప, గోడతో.

దువ్వెన ఆగింది. కానివ్వమని అమ్మమ్మకి సైగ చేశాను.

"చాలాసార్లు పిలిచాను. పలకలేదు. అందుకే ఎవర్నీ పిలవట్లేదు."

నాకు ఏడుపొచ్చింది. ఫారం మొహానికి అడ్డం పెట్టుకున్నాను. అది పనికొచ్చిన మొదటి సందర్భం అదే.

"నన్ను పిలిచి చూడవే," అంది అమ్మమ్మ.

చాలాసేపటికి, చాలా చిన్నగా, "అమ్మమ్మా."

"ఆఁ, తల్లీ."

"అమ్మమ్మా."

"ఆఁ."

పదిహేనుసార్లు పిలిచింది. పదిహేనుసార్లూ అమ్మమ్మ పలికింది. జడ చివరికొచ్చేసరికి మొత్తం విప్పేసి మళ్ళీ మొదటినుంచి అల్లడం మొదలుపెట్టింది. పాపని వసతి గృహానికి పంపే ఆ కాగితం చించే అధికారం నాకు లేదు. సంతకం మానేసే అధికారం ఉంది.

"ఆంటీ," అంది పాప, గోడతోనే.

గదిలో ఆంటీని నేనొక్కదాన్నే. ఎక్కడ ఆలస్యమవుతుందోనని, "ఆఁ!" అని అరిచినంత పని చేశాను.