పాలల్లో పచ్చి గుడ్డు

షీనాకి ఏడో నెల వచ్చిన దగ్గర్నుంచీ అత్తగారు ప్రేమలీలది ఒకటే పట్టు. పొద్దున్నే గ్లాసుడు పాలల్లో పచ్చి గుడ్డు కొట్టి కోడలి చేతికివ్వాలి. కోడలు నర్సైతే అయింది గానీ, కడుపుతో ఉన్న పిల్లకి బలమేదో ఆ ఆసుపత్రికేం తెలుసు? గుడ్లకా, కొదవే లేదు. ప్రేమలీల భర్త దేవపాల్ పని చేసే కోళ్లఫారంలో చిట్లిన గుడ్లు పనివాళ్లకే ఇచ్చేస్తారు. హాబ్సన్‌విల్ ఊళ్లోని వాళ్లింట్లో వంటింటి గట్టు మీద ఎప్పుడూ ఒక ట్రే ఉండాల్సిందే.

ఆ బుధవారం దేవపాల్ మధ్యాహ్నానికే ఇల్లు చేరాడు. బూట్లు ఫారంలోనే వదిలించారట, ఉత్త సాక్సులతో వచ్చాడు.

"మా షెడ్డులో సాల్మొనెల్లా అంట లీలా. రెట్ట టెస్టుకి పంపితే బయటపడింది. రేపు కోళ్లన్నిటినీ చంపేస్తారు." అతను గుమ్మంలోనే కూలబడ్డాడు. "ఒక్కటంటే ఒక్కటి నలతగా లేదే! పొద్దున కూడా నా ప్యాంటు పొడుస్తూ వెంటపడ్డాయి."

"మరి గుడ్లో?"

"లోపల క్రిమి ఉండొచ్చంట. బాగా ఉడికిస్తే చస్తుంది. పచ్చిగా మాత్రం తాగకూడదు."

పదహారు రోజులు! పదహారు గుడ్లు ప్రేమలీల తన చేత్తోనే కొట్టిచ్చింది. షీనా దగ్గరికి పరిగెత్తి, సంగతి చెప్పి, ఆమె పొట్ట మీద చెయ్యి వేసి బావురుమంది. "ప్రభువా, నా చేత్తో నేనే పెట్టానే!"

షీనా తల దించుకుంది. "అత్తయ్యా, ఏడవకండి. నేనొక్క చుక్క కూడా తాగలేదు. ఇప్పుడు పచ్చి గుడ్డు తాగకూడదండి. మీరంత ప్రేమగా ఇస్తుంటే చెప్పడానికి నోరు రాలేదు."

"మరి రోజూ గ్లాసు ఖాళీ అయ్యేది కదే?"

షీనా బాత్రూం వైపు చూసింది. మూడు రోజులుగా జ్వరం, విరేచనాలతో ఆమె భర్త ఇవాన్ ఆ తలుపు వదలడం లేదు. శనివారం తిన్న రొయ్యల బిర్యానీ పుణ్యమేనని ఇంటిల్లిపాదీ దాన్నే తిట్టుకుంటున్నారు.

"పారబోస్తే నువ్వు చూసి బాధపడతావని నేనే తాగేశానమ్మా," లోపల్నుంచి నీరసంగా వినబడింది. "షీనా వద్దనే అంది."

"ఓరి వెర్రి సన్నాసీ!" ప్రేమలీల ఏడుస్తూనే నవ్వింది. పాపం, రొయ్యలు ఏ తప్పూ చెయ్యలేదు. అప్పటికప్పుడు కొడుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, వచ్చాక గంజి కాచింది. రాత్రి భోజనం ముందు ప్రార్థనలో దేవపాల్ కొడుకుతో పాటు కోళ్లని కూడా జ్ఞాపకం చేసుకున్నాడు. ఎవరూ నవ్వలేదు.

తెల్లారాక ప్రేమలీల మళ్లీ గ్లాసు తెచ్చింది. "ఉత్త పాలేనమ్మా. ఇక మీదట వద్దనిపిస్తే వద్దని నా మొహం మీదే చెప్పు. నేనేమైనా పరాయిదాన్నా?"

షీనా ఒక గుక్క తాగి ఆగింది.

"అత్తయ్యా, పంచదార ఎక్కువైంది."

ప్రేమలీల గ్లాసు అందుకుని, కళ్లొత్తుకుంటూ వంటింట్లోకి నడిచింది.