చక్రాల ఉయ్యాల

పొద్దున్నే డిపోలో బస్సు తీయడం, అద్దాలు సరిచూసుకోవడం, విజిల్ బాబాయి రెండుసార్లు ఊదగానే గేరు వేయడం. డ్రైవరమ్మకి ఆ పనంటే ప్రాణం. విజిల్ బాబాయి ఆ బస్సు కండక్టరు. ఆయన నోట్లో విజిలైనా ఉంటుంది, మాటైనా ఉంటుంది. రెండూ లేని క్షణం ఎవరూ చూడలేదు.

ఇంట్లో అటక మీద ఆమె అత్తగారి నాటి చక్రాల ఉయ్యాల ఉంది. డ్రైవరమ్మ కడుపుతో ఉందని అందరికన్నా ముందు దానికే తెలిసేది. దానంతటదే దిగొచ్చి మంచం పక్కన నిలబడేది. డిపోలోనే మెకానిక్కైన ఆమె భర్త మురిసిపోతూ చక్రాలకి నూనె పెట్టేవాడు. మూడో నెల నిండకముందే అది కిర్రుకిర్రుమంటూ మళ్లీ అటకెక్కేది. ఆ వెంటే కడుపు పోయేది. ఇలా మూడుసార్లయింది. మూడోసారి ఆమె ఉయ్యాల కాలు పట్టుకుని వేలాడింది కూడా. అది ఆగలేదు.

అంతా బస్సు కుదుపుల వల్లేనని అత్తగారు తేల్చేసింది. ఇరుగుపొరుగు తలూపారు. చివరికి డ్రైవరమ్మా నమ్మేసింది. బిడ్డ కావాలంటే స్టీరింగు వదలాలి, అంతే. మానేస్తున్నానని డిపోలో చెప్పేసి, ఆఖరి ట్రిప్పుకి బండెక్కింది.

మొదటి స్టాపులోనే ఉయ్యాల నిలబడి ఉంది. చెయ్యెత్తకపోయినా ఆమె బస్సాపింది, అది ఎక్కింది. బాబాయి అందరినీ లోపలికి జరిపి దానికి చోటు చేశాడు. ఒకావిడ తన కూరగాయల సంచి అందులో పెట్టబోతే ఉయ్యాల విదిలించి కొట్టింది. పెద్దాసుపత్రి దగ్గర దిగి, తన దారిన తాను పోకుండా బస్సుకి అడ్డంగా నిలబడింది. ఎంత హారన్ కొట్టినా కదలదు. వెనక బళ్లు బారులు తీరాయి.

"అమ్మాయ్, అది వచ్చింది నీ కోసమే. బండి నేను చూసుకుంటాలే, వెళ్లు," అన్నాడు బాబాయి.

ముందు ఉయ్యాల, వెనక ఆమె పరుగు. అది ర్యాంపు ఎక్కి, వరండా దాటి, ఆడవాళ్ల డాక్టరమ్మ గది తలుపుని ఢీకొట్టింది. డాక్టరమ్మ దాన్ని గోడవారకి జరిపి, సంగతంతా విని, స్కానింగ్ చేయించింది.

"బస్సు తప్పేం లేదమ్మా. మీ గర్భసంచి మధ్యలో పుట్టుకతోనే ఒక అడ్డుగోడ ఉంది. పిండం దానికి అంటుకుంటే రక్తం సరిగ్గా అందదు. పొట్ట కోయక్కర్లేదు, కింది నుంచే సన్నటి గొట్టం పంపి ఆ గోడ తీసేస్తాను. తప్పకుండా నిలుస్తుందని మాటివ్వలేను గానీ, అడ్డు మాత్రం పోతుంది."

బస్సు తప్పేం లేదు! డ్రైవరమ్మకి గంతులేయాలనిపించింది, ఏడుపూ వచ్చింది. పరుగున వెనక్కొచ్చి, మానేయడం లేదని బాబాయికి చెప్పింది. ఆయన ఊదిన విజిల్‌కి వీధంతా తిరిగి చూసింది.

ఆపరేషన్ అయిన రోజే ఇంటికి పంపించేశారు. మళ్లీ కడుపుకి కొన్నాళ్లు ఆగమంటే ఆగింది. ఒకరోజు కళ్లు తెరిచేసరికి మంచం పక్కన ఉయ్యాల!

మూడో నెల దగ్గరపడేకొద్దీ ఇంట్లో ఎవరికీ కాలు నిలవలేదు. భర్త నూనెడబ్బా దాచేశాడు. అత్తగారు అటక తలుపుకి తాళం వేసి, తాళంచెవి దిండు కింద పెట్టుకుంది. ఒక పొద్దున, డ్రైవరమ్మ మొహం కడుక్కుంటుండగా గదిలోంచి కిర్రుమని వినిపించింది. ముగ్గురూ పరిగెత్తారు.

ఉయ్యాల ఉన్నచోటే ఉంది. నాలుగు చక్రాలూ ఊడి నేల మీద పడున్నాయి, నట్లతో సహా. లోపలి పరుపు మీద భర్త స్పానరు ఉంది.

అత్తగారు వంగి చక్రాలన్నీ ఏరి కొడుకు చేతిలో పెట్టింది. కళ్లు తుడుచుకుని కోడలి వైపు తిరిగింది.

"ఇంకా నిలబడ్డావేంటమ్మా? డ్యూటీకి టైమవుతోంది."