గీత పడని తాళం

మా అల్లుడు తాళాల మేస్త్రి. ఓసారి ఒక ఇనుపబీరువా ఆయన్ని గుమ్మంలో చూడగానే తనంతట తానే తలుపు తెరిచి, "మీకెందుకు శ్రమ మేస్త్రీ" అన్నదని నేను బజారులో చెప్పాను. అందరూ నమ్మారు, మా అమ్మాయి తప్ప. అంత పనిమంతుడికి తన నోటికి తాళం వేసుకోవడం మాత్రం చేతకాలేదు. ఆయన అన్న ఒక్క మాటతో మా మనవడు పిల్లల కోర్టు మెట్లెక్కాడు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మనవడికి పద్నాలుగేళ్ళు. కాలు ఒకచోట నిలవదని వాడికి బొంగరం అని పేరు పెట్టాను. ఒక సెలవురోజు మధ్యాహ్నం వాడు బడిలో ఆటసామాన్ల గదిలో దొరికిపోయాడు. వెంట ఉన్న ఇద్దరు పెద్ద కుర్రాళ్ళు గోడ దూకి పరారయ్యారు. వీడు బంతుల సంచీ పక్కన గుంజలా నిలబడిపోయాడట. కాపలావాడు స్టేషన్‌లో అప్పగించాడు. కబురు తెలిసి నేనూ అల్లుడూ పరుగెత్తాం.

అక్కడి ఇన్‌స్పెక్టర్ పంటినొప్పితో బుగ్గ పట్టుకుని కూర్చున్నాడు. ఆ పూట మమ్మల్ని ఎంత తొందరగా వదిలించుకుందామా అని చూస్తున్నాడు.

"మొదటి తప్పు. వస్తువేదీ పోలేదు. మందలించి పంపుతున్నాను. ఇక్కడ సంతకం పెట్టి తీసుకెళ్ళండి మేస్త్రీ."

అల్లుడు కలం అందుకున్నాడు. ఆ నాలుగక్షరాలూ గీకి లేవొచ్చు కదా! బల్లమీద ఆటసామాన్ల గదినుంచి తెచ్చిన విరిగిన తాళం కనిపించింది. కలం పక్కన పెట్టి జేబులోంచి భూతద్దం తీశాడు. నేను ఆయన కాలు తొక్కాను. ఆయన కాలు పక్కకి జరుపుకున్నాడు.

"సార్, ఇది మావాడు తీసిన తాళం కాదు."

"కాదులెండి. సంతకం పెట్టండి."

"మీరొకసారి ఇటు చూడండి సార్. స్క్రూడ్రైవర్ గుచ్చి పెకలించారు. ఎన్ని గీతలో! వట్టి మోటుపని. మావాడు తీస్తే ఒక్క గీత పడదు."

ఇన్‌స్పెక్టర్ బుగ్గమీంచి చెయ్యి తీశాడు. పంటినొప్పిని అంత చటుక్కున తగ్గించిన మందు నేనెక్కడా చూడలేదు.

"గీత పడకుండా తీస్తాడా?"

"ఎనిమిదేళ్ళకే తీశాడు సార్," అన్నాడు మా మహానుభావుడు, ఛాతీ రెండంగుళాలు పొంగించి.

ఇన్‌స్పెక్టర్ సొరుగు లాగి ఫైలు బయటపెట్టాడు. రెండు నెలల్లో బజారులో మూడు కొట్ల తాళాలు ఎవరో తీశారు: చెప్పుల కొట్టు, గడియారాల కొట్టు, ఫోన్ల కొట్టు. మొదటి రెండింట్లో పూచికపుల్లైనా పోలేదు. మూడోదాంట్లో ఆరు ఫోన్లు పోయాయి. మూడుచోట్లా తాళం తెరిచి అలాగే వేలాడుతోంది. మూడింటిమీదా ఒక్క గీత లేదు.

మందలించి పంపాల్సిన కేసు కాస్తా దొంగతనాల కేసయి కూర్చుంది. మూడు వారాల తర్వాత విచారణ. అందాకా కుర్రాణ్ణి ఇంట్లో ఉంచుకోమన్నారు. ఆ తర్వాత ఇంట్లోనే ఉంటాడో, పద్దెనిమిదేళ్ళు నిండేదాకా బాలల గృహంలో ఉంటాడో న్యాయాధికారి తేలుస్తారట.

మా అమ్మాయి ఆసుపత్రిలో బట్టలుతికే యంత్రాల దగ్గర పనిచేస్తుంది. డ్యూటీ దిగి వచ్చి సంగతంతా విని సంచీ నేలకేసి కొట్టింది.

"కొడుకుని కాపాడమని పంపితే తాళాన్ని కాపాడి వచ్చారా?"

"ఉన్నమాటే అన్నాను," అన్నాడు అల్లుడు.

"నాన్నా, మీరు పక్కనే ఉండి ఏం చేస్తున్నారు?"

"కాలు తొక్కానమ్మా. ఇంకాస్త గట్టిగా తొక్కితే కేసు నామీద పెట్టేవాళ్ళు."

ఆ మూడు వారాలూ మా ఇంట్లో నిపుణుల సంత. కుర్రాడు ఎందుకు చెడ్డాడో లోకంలో ప్రతివాడికీ తెలుసు, మాకు తప్ప. హెడ్‌మాస్టరు ఫోనువల్లే అన్నాడు. వాడికి ఫోనే లేదంటే, లేకపోవడంవల్లే అన్నాడు. పక్కింటి దర్జీ నాలుగు తగిలిస్తే సరి అన్నాడు. ఆయన కొడుకు నాలుగూ తిని ఇల్లు విడిచిపోయి రెండేళ్ళయింది, ఆ మాట నేననలేదు. మా అల్లుడి అన్నగారు తల్లి ఉద్యోగమే కారణమని తేల్చాడు. మా అమ్మాయి ఆయనకి గుమ్మం చూపించింది.

కోర్టు తరఫున ఒక అధికారిణి వచ్చింది. సంచీనిండా ఫారాలే. నేను ఫారాలమ్మ అని పేరు పెట్టాను.

"ఇంట్లో తాగుడు ఉందా?"

"కాఫీ అమ్మా."

"తాతగారూ, కుర్రాడి భవిష్యత్తండీ ఇది."

"లేదమ్మా."

"కొడతారా?"

"లేదు."

"కుర్రాడితో తండ్రి రోజూ మాట్లాడతాడా?"

"ఎందుకు మాట్లాడడూ? ఆ ఆకురాయి అందుకో, ఆ స్ప్రింగు వంకర పోయింది, మళ్ళీ చెయ్యి. రోజంతా మాటలే."

ఆమె కలం ఆపి నావైపు చూసింది. ఏదో రాసుకుంది. ఎంత మెడ చాచినా నాకు కనబడలేదు.

ఆ సాయంత్రం బొంగరాన్ని మేడమెట్లమీద కూర్చోబెట్టాను.

"ఒరేయ్, నిజం చెప్పు. ఆ మూడు తాళాలూ నువ్వే తీశావా?"

"నేనే తాతయ్యా."

"ఏం రోగంరా నీకు? ఏం కావాల్సొచ్చింది?"

"ఏమీ వద్దు. చెప్పుల కొట్టు తీసి, లోపల కాసేపు తిరిగి వచ్చేశాను. తాళం వేయకుండా వదిలేశాను. వేసేస్తే తెలీదు కదా."

"ఎవరికి తెలియాలి?"

వాడు మెట్టుమీద పెచ్చు గోటితో గీకుతూ కూర్చున్నాడు. "తాళం మార్చడానికి నాన్ననే పిలుస్తారుగా."

పిలిచారు. నాకు గుర్తుంది. ఆ రోజు అల్లుడు అన్నంలో చెయ్యిపెట్టి, "ఎవడో గాని గొప్ప పనివాడు మామయ్యా! ఆ చేతుల్ని కళ్ళకద్దుకోవచ్చు," అన్నాడు. కొడుకు పనిని ఒక్కనాడూ బాగుందనని మనిషి, ముక్కూ మొహం తెలియని దొంగని పొగిడాడు. కొడుకు ఎదురుగా కూర్చునే ఉన్నాడు. నేను మాత్రం తక్కువ తిన్నానా? ఆ దొంగ చిటిక వేస్తే తాళాలు వరసకట్టి నిలబడతాయని ఊరంతా చాటాను.

అందుకని రెండో కొట్టు. ఆ సంగతి వీడు బడిలో ఆ పెద్ద కుర్రాళ్ళ దగ్గర గొప్పకి వాగాడు. వాళ్ళు వీణ్ణి ఫోన్ల కొట్టుకి తీసుకెళ్ళారు. వీడు తీసి బయట నిలబడ్డాడు, వాళ్ళు ఫోన్లు ఎత్తారు. ఆటసామాన్ల గది దగ్గర మాత్రం "నేనింక తీయను" అన్నాడట. దాంతో వాళ్ళే స్క్రూడ్రైవర్‌తో పెకలించారు.

"మరి వాళ్ళతో వెళ్ళడమెందుకురా వెధవా?"

"రాకపోతే నాన్నకి చెప్తామన్నారు."

నాకు ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. అందుకని అందరిమీదా తెచ్చుకున్నాను.

విచారణరోజు న్యాయాధికారి గది మా వంటింటికంటే పెద్దదేం కాదు. ఒక బల్ల, ఆరు కుర్చీలు, కిర్రుమనే పంకా. కోర్టు మాకిచ్చిన లాయరు గుమ్మంలోనే హెచ్చరించాడు: "ఎవరూ నోరు విప్పకండి. ఆ మూడు కొట్లకీ సాక్ష్యం లేదు. మేస్త్రిగారు అన్నమాట తప్ప." ఆ చివరిమాట అంటూ మా అల్లుణ్ణి చూసిన చూపుకి రాయైనా పగిలేది.

న్యాయాధికారి నెరిసిన జుట్టావిడ. కళ్ళజోడు పైకి తోసి అడిగింది.

"ఆ తాళాలు నువ్వు తీశావా బాబూ?"

లాయరు దగ్గాడు. బొంగరం వాళ్ళ నాన్నవైపు ఒకసారి చూసి, "మూడూ నేనే తీశానండీ," అన్నాడు. అంతా చెప్పాడు, పెద్ద కుర్రాళ్ళ పేర్లతో సహా. ఎందుకు తీశావంటే మాత్రం తలవంచుకున్నాడు. లాయరు ఫైలు మూసేశాడు. మా అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుంది. ఆ గోళ్ళ గుర్తులు వారం దాకా ఉన్నాయి.

"కారణం చెప్పకపోతే నేనేమనుకోవాలి? మళ్ళీ తీస్తాడనే కదా?" అంది న్యాయాధికారి.

నేను లేవబోయాను. నాకంటే ముందు అల్లుడు లేచాడు. ఈసారి కాలు తొక్కడానికి నాకు అందలేదు.

"ఎవడో గొప్ప పనివాడన్నానండీ," అన్నాడు. "అన్నం తింటూ అన్నాను. వీడు నా ఎదురుగా ఉన్నాడు. వీడి పనికి ఎప్పుడూ ఆ మాట అనలేదు. నా దగ్గర పది తాళాలు చేస్తే పదింటికీ వంకలు పెట్టాను. దొంగకి మాత్రం పెట్టలేదు."

ఫారాలమ్మ తన కాగితం న్యాయాధికారి ముందుకి జరిపింది. ఆవిడ చదువుకుంది, చాలాసేపు.

తీర్పు ఇదీ: కుర్రాడు ఇంట్లోనే ఉండాలి, ఏడాదిపాటు ఫారాలమ్మ పర్యవేక్షణలో. నెలరోజులు సాయంత్రాలు ఫోన్ల కొట్టు తుడవాలి. తండ్రి రోజూ ఆరింటికి దుకాణం కట్టేసి గంటసేపు కొడుకుతో మాట్లాడాలి. ఆ గంటలో తాళాల ఊసు రాకూడదు. ఇందులో ఏది తప్పినా బాలల గృహమే.

తుడవడం తేలికే. మాట్లాడటమే ప్రాణంమీదికొచ్చింది. మొదటిరోజు ఇద్దరూ మేడమెట్లమీద కూర్చున్నారు. నేనూ అమ్మాయీ తలుపు వెనక నక్కాం.

"వాన వచ్చేట్టుంది," అన్నాడు అల్లుడు.

"ఊఁ."

గంట గడిచింది. వాన రాలేదు, రెండో మాటా రాలేదు. రెండోరోజు "బడి ఎలా ఉంది?" "ఉంది." మూడోరోజు అల్లుడు నోరు తెరిచి, 'తా' అనబోయి నాలిక కరుచుకుని, తలనొప్పిగా ఉందన్నాడు.

"శుక్రవారం ఆ ఫారాలమ్మ వచ్చి ఏం మాట్లాడుకున్నారంటే ఏం చెప్తారు నాన్నా వీళ్ళు?" అంది అమ్మాయి పళ్ళు నూరుతూ. "వాన వచ్చేట్టుందని చెప్తారా? వీళ్ళిద్దర్నీ కలిపి గోడకి కొట్టాలనుంది!"

నాలుగోరోజు అరగంట ఉత్తినే పోయాక అల్లుడు గొంతు సవరించుకున్నాడు.

"ఆ చెప్పుల కొట్లో... లోపల తిరిగానన్నావు. ఏం చూశావురా?"

"పిల్లి."

"పిల్లేంటి?"

"వెనక అరలో, చెప్పుల పెట్టెలో పిల్లలు పెట్టింది నాన్నా. నాలుగు. ఒకదానికి తోక లేదు."

"నేనూ వెళ్ళాను కదరా ఆ కొట్టుకి. పిల్లీ లేదు, ఏం లేదు."

"నువ్వు తలుపు దగ్గరే చూసి వచ్చేశావు."

అల్లుడు ఒక మెట్టు దిగి కొడుకు పక్కన కూర్చున్నాడు.

"తోక లేకపోవడం ఏంటిరా? మడుచుకుని కూర్చుని ఉంటుంది."

"లేదు నాన్నా, నేను ఎత్తి చూశాను. మొదలంటా లేదు."

"తల్లి కరిచి ఉంటుందా?"

"కరిస్తే పుండుండాలి కదా? నున్నగా ఉంది!"

"అలా పుట్టడం నేను వినలేదు."

"నువ్వు వినలేదని తోక వస్తుందా?"

గొంతులు పెరిగాయి. గంట దాటి ఇంకో అరగంటయింది. అమ్మాయి రెండుసార్లు పిలిచి, మూడోసారి గరిటెతో గుమ్మంలోకొచ్చింది.

"అన్నం చల్లారిపోతోంది! వస్తారా, పారబోయమంటారా?"

"ఉండవే," అన్నాడు అల్లుడు వెనక్కి తిరగకుండా. "ఈ తోక సంగతి తేలనీ."