బురదంటని బండ్లు

మోరాగ్ తన పాత యూట్ బండి తాళం మళ్ళీ తిప్పింది. అది ఒకసారి దగ్గి ఊరుకుంది. గొర్రెలు ఈనే రోజులు దగ్గరపడుతున్నాయి. కొండ మీది మందకు మేత చేర్చాలంటే, వెనక తొట్టి ఉన్న ఆ బండి తప్ప వేరే దిక్కు లేదు.

కొత్తది కొందామంటే సర్కారు పెట్టిన కొత్త రుసుమొకటి వచ్చి కూర్చుంది. ఇంధనం ఎక్కువ తాగే బండి కొన్నవాళ్ళ దగ్గర వసూలు చేసి, తక్కువ తాగే బండి కొన్నవాళ్ళకు రాయితీగా ఇస్తారట. వినడానికి ఎంత బాగుంది! కానీ గొర్రెలతో ఆ కొండెక్కగల కరెంటు బండి అమ్మేవాడు చుట్టుపక్కల ఒక్కడూ లేడు. ఆమె పళ్ళ డాక్టరు మాత్రం షికార్లకని రెండో కారు కరెంటుది కొని రాయితీ జేబులో వేసుకున్నాడు.

"నేనేమైనా సోకుకు కొంటున్నానా?" అని మోరాగ్ భర్త మీద విరుచుకుపడింది.

"నా మీద అరిస్తే బండి కదులుతుందా? గోర్ పట్నంలో రైతుల బండ్ల ఊరేగింపు ఉందిగా, అక్కడ అరుద్దువుగాని పద," అన్నాడు డౌగల్.

ఇద్దరూ మంద కాసే కుక్క ఫెర్న్‌ను ఎక్కించుకుని, పొరుగువాళ్ళనడిగి తెచ్చిన ట్రాక్టరు మీద వెళ్ళారు. ఊళ్ళో ఇళ్ళు అమ్మిపెట్టే గ్రెవిల్ తన ఎర్ర యూట్ పక్కన నిలబడి మైకులో గొంతు చించుకుంటున్నాడు. "ఇది రుసుము కాదు, మన రైతుకు వేసిన శిక్ష! రైతు బతకొద్దా?"

మోరాగ్ కళ్ళు చెమ్మగిల్లాయి. తమ గోడు పట్టించుకునేవాడు ఒకడైనా ఉన్నాడనుకుంది.

అక్కడి మంద కుక్కలకు ఒక అలవాటు ఉంది. వెనక తలుపు దింపిన యూట్ ఎవరిదైనా సరే, పనికి బయల్దేరామనుకుని తొట్టిలోకి దూకేస్తాయి. ఫెర్న్ కూడా గ్రెవిల్ బండిలోకి ఎగిరి దూకింది.

గ్రెవిల్ మైకు వదిలేసి పరుగెత్తాడు. "దింపమ్మా దాన్ని! ఆ బురద కాళ్ళేంటి! మొన్ననే పాలిష్ పెట్టించాను!"

"ఈ తొట్టిలో ఇంతవరకు ఏం మోశారు?" అంది మోరాగ్.

"ఏముంటుంది... గోల్ఫ్ సామాను. పిల్లల్ని బడికి దింపుతా. ముందు కుక్కను దింపు తల్లీ!"

మోరాగ్ ఊరేగింపు వరుసలో ఉన్న యూట్ బండ్లన్నీ కలయజూసింది. సగానికి పైగా తొట్లు అద్దాల్లా మెరుస్తున్నాయి. అంతవరకు సర్కారు మీద ఉన్న కోపం ఇప్పుడు రెండు వైపులా రగిలింది. గబగబా వెళ్ళి మైకు అందుకుంది.

"ఏమయ్యా, రైతును అడ్డం పెట్టుకుని మీరంతా వెనక దాక్కున్నారా? మీరు డాబుకు కొన్న బండ్లను ఆపడానికి రుసుము పెడితే, అది నా నెత్తిన పడింది!"

"నీ తరఫునే కదమ్మా మాట్లాడుతున్నా!" అన్నాడు గ్రెవిల్.

"నా తరఫున నేను మాట్లాడుకోగలను. మీ రుసుము మీరు కట్టండి!"

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. కొందరు కావాలని హారన్లు మోగించారు. డౌగల్ ఆమె చెయ్యి పట్టి లాగుతూ, "ఊరంతటితో తగువు తెచ్చుకున్నావు, చాలు పద," అన్నాడు.

"బండి ముందే లేదు, ఇప్పుడు ఊరూ లేదు. ఇంక పోయేదేముంది?" అని మోరాగ్ మైకు వదలకుండా, రైతుల అర్జీ తీసుకోవడానికి అక్కడికి వచ్చిన సర్కారు అధికారి వైపు తిరిగింది. "మీక్కూడా చెబుతున్నా బాబూ. మందను మోసే బండినీ గోల్ఫ్ కర్రలు మోసే బండినీ ఒకే గాటన కట్టకండి. వేరే దారి ఉండి కూడా డాబుకు పోయినవాడితో కట్టించండి. దారి లేనివాడికి ముందు దారి చూపించి, ఆ తర్వాతే చెయ్యి చాచండి!"