మేడ మీది ఇనప తొట్టి

ఆ స్నానాల తొట్టి ఇంట్లోకి వచ్చి యాభై ఏళ్లు దాటింది. బెర్నడీన్ మామగారు డలూత్ రేవులో పనిచేసే రోజుల్లో తోటివాళ్లు నలుగురి చేత మోయించి మేడ ఎక్కించాడు. ఇప్పుడు దాని తెల్లటి పూత అరిగి, నీళ్లు పోయే రంధ్రం చుట్టూ తుప్పు పట్టింది.

"పగలగొట్టించి కొత్తది పెట్టిద్దాం," అన్నాడు ఆమె భర్త వాల్ట్. తుంటి అరిగిపోయి అతను మెట్లెక్కడం మానేసి ఏడాదైంది.

"మేడ ఎక్కనివాడివి, దాని గొడవ నీకెందుకు?" అంది బెర్నడీన్. ముగ్గురు పిల్లలకీ అందులోనే నీళ్లు పోసింది. దాని మీద సమ్మెట దెబ్బ పడటం ఊహించుకోవడానికే ఆమెకు మనసొప్పలేదు. తొట్లు బాగుచేసే మనిషికి కబురుపెట్టింది.

మంగళవారం ఉదయం, గడ్డకట్టే చలిలో ఆర్వో రూస్కా వచ్చాడు. నలభై అయిదేళ్లుంటాయి. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తొట్టిని వేలితో కొట్టి చూశాడు.

"గట్టి సరుకమ్మా. పాత పూతకి మందు రాసి గీకేసి, కొత్తది కొడతా. మీ మనవలు కూడా వాడుకుంటారు."

కిటికీకి చలి రాకుండా ప్లాస్టిక్ అతికించి ఉంది. "పీకెయ్యనా నాయనా?" అంది బెర్నడీన్.

"వద్దు. చలిగాలి తగిలితే పూత పట్టదు."

"మరి ఆ మందు వాసనో?"

"ఇరవై ఏళ్లుగా పీలుస్తున్నా. అది లేకపోతే నాకు అన్నమే సయించదు," అని నవ్వి తలుపు వేసుకున్నాడు. ముక్కుకు కట్టుకునే ముసుగు బయట పెట్టెలోనే ఉండిపోయింది.

కాసేపటికి తియ్యటి ఘాటు మెట్ల మీదుగా కిందికి దిగింది. బెర్నడీన్ క్యాబేజీ సూప్ కలుపుతూ పైన గీకుతున్న చప్పుడు వింటోంది. మొదట జోరుగా సాగింది. తర్వాత ఆగి ఆగి వినిపించింది. తర్వాత వినిపించలేదు.

"సేద తీరుతున్నాడేమో," అన్నాడు వాల్ట్. అంటూనే రేడియో కట్టేశాడు. ఇద్దరూ చెవులు రిక్కించారు. పైన అలికిడి లేదు.

బెర్నడీన్ పైకి వెళ్లి తలుపు తట్టింది. పలకలేదు. తోసింది. ఆర్వో మోకాళ్ల మీద ఉన్నాడు. నడుము నుంచి పైభాగం మొత్తం తొట్టిలోకి వాలిపోయి, అడుగున ఏదో వెతుకుతున్నవాడిలా ఉన్నాడు.

ఆమె ఊపిరి బిగబట్టి లోపలికి దూరింది. ప్లాస్టిక్ చింపి, అతని సుత్తితోనే అద్దం పగలగొట్టింది. బెల్టు పట్టి లాగింది. కదల్లేదు. ఊపిరి అందక, కళ్లు బైర్లు కమ్మాయి. అప్పుడు వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి అదే బెల్టు పట్టుకుంది. వాల్ట్. మెట్లన్నీ చేతుల మీద పాకుతూ వచ్చాడు. ఇద్దరూ కలిసి అతన్ని బయట నడవాలోకి ఈడ్చారు.

ఆ మందు ఆవిరి గాలి కంటే బరువైనదనీ, నీళ్లలాగే తొట్టిలో నిలిచిపోతుందనీ ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు. ఇంకో అయిదు నిమిషాలైతే మనిషి దక్కేవాడు కాదన్నాడు.

నాలుగో రోజు ఆర్వో ఫోన్ చేశాడు. "సగం పని మిగిలిందమ్మా. వచ్చే గురువారం రానా?"

"నీకు మతి ఉందా? ఆ పని ఇంకెక్కడా చెయ్యకు నాయనా!"

"ఇంట్లో నలుగురున్నారు. రేపు పక్కూరు సుపీరియర్‌లో ఒకటి ఒప్పుకున్నా. చిన్న గది. కిటికీ గొడవే లేదు."

"ఎవరిల్లు? చెప్పు, నేను వాళ్లతో మాట్లాడతా."

అతను నవ్వి పెట్టేశాడు.

మర్నాడు ఇద్దరు మనుషులు సమ్మెటలతో వచ్చారు. తొట్టి పగలగొట్టమని బెర్నడీనే పిలిపించింది. ఇల్లంతా అదిరిపోతుంటే ఆమె కింద ఫోన్ తిప్పింది. ఆర్వో భార్య ఎత్తింది.

"పొద్దున్నే వెళ్లాడండీ. ఎవరింటికో నాకూ చెప్పలేదు."

"రాగానే నాకో మాట చెప్పమ్మా. ఎంత పొద్దుపోయినా సరే."

ఇనప ముక్కలు ఒక్కొక్కటే మెట్లు దిగాయి. ఆమె వాటివంక చూడలేదు. నాలుగున్నరకే చీకటి పడింది. వాల్ట్ సూప్ వేడిచేసి ఆమె ముందు పెట్టాడు. ఇద్దరూ ఫోన్ పక్కనే కూర్చున్నారు. అది మోగలేదు.