మేకు కొట్టని గూడు

ఆ ఆదివారం ఇంట్లో నలుగురం ఉన్నాం. మా చిన్నాయన దామోదర్, ఆయన భార్య తారామణి చిన్నమ్మ, ఊరి నుంచి నాతోపాటు వచ్చిన నాయనమ్మ సుశీలమ్మ, నేను. నాయనమ్మ లెక్కలో మాత్రం ఐదుగురం. చిన్నమ్మకు ఐదో నెల. "అనంతా, ఐదుగురికి బియ్యం పొయ్యి" అని నాయనమ్మ కేక వేసేది. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. అందుకే ఆ మాట వినగానే చిన్నమ్మ మంచం మీది నుంచి నావైపు చూసి, వద్దన్నట్టు తల ఆడించేది. నేను నలుగురికే పోసేదాన్ని.

అది ఎనభై ఎనిమిదో సంవత్సరం, వానలు మొదలైన రోజులు. నాచారంలో ఫ్యాక్టరీల వెనక సందులో మాది రెండు గదుల పోర్షన్. డాక్టరమ్మ చిన్నమ్మను మంచం దిగొద్దంది. మంచం కాళ్ల వైపు రెండేసి ఇటుకలు పెట్టి ఎత్తు చేశారు. తల పల్లానికి, కాళ్లు ఎత్తుకి పెట్టుకుని రోజంతా అట్లాగే పడుకునేది. నేను ఊళ్లో పదో తరగతి పాసై, ఇంటిపనికి సాయంగా వచ్చాను. నలుగురిలో నోరు తెరవడం నాకు రాదు. చెప్పాలనిపించింది నోట్‌బుక్కులో రాసుకుంటాను. చిన్నమ్మ అది కనిపెట్టింది. "ఇయ్యాల ఏం రాసినవ్? సదువు" అని మధ్యాహ్నం పూట అడిగేది. మొదట సిగ్గుపడ్డాను. తర్వాత రాసింది రాసినట్టు చదివేదాన్ని. మా ఇంట్లో ఎవరు ఎవరి మీద విసుక్కున్నారో కూడా. ఆమె కళ్లు మూసుకుని వినేది. నేను రాసినవి విన్న మనిషి ఆమె ఒక్కతే.

చిన్నాయన సర్కారు ల్యాబులో అసిస్టెంటు. ఆ ఆదివారం ఆయన లూనా మీద ఒక అట్టపెట్టె తెచ్చి అరుగు మీద దించాడు. లోపల ఏదో కదిలింది.

"ఏందిరా, ఎలుకలు తెచ్చినవా?" అంది నాయనమ్మ.

"ఎలుకలు గాదమ్మా, గినీ పందులు."

"పందులా! థూ! ఇంట్లకెట్ల తెచ్చినవ్?"

"పేరుకే పందులు. మా సారు డెహ్రాడూన్‌కు ట్రాన్స్‌ఫరయిండు. ఆయన పిల్లలు సాదుకున్నయి. గంత దూరం తీస్కపోలేమని నాకిచ్చిన్రు. గడ్డి తింటయి, ఎవ్వల్ని కరవయి. తారకు జర పొద్దు పోతదని తెచ్చిన."

ముందు పోర్షన్‌లో ఉండే ఇంటావిడ అన్నపూర్ణమ్మగారు కూడా వచ్చి తొంగిచూసింది. వాళ్లది గోదావరి వైపు. "మీవాడికి మతి పోయిందండీ సుశీలమ్మగారూ. పందంటాడు, చూస్తే ఎలకలా ఉంది, కుందేలు తిండి తింటుందంటాడు. రేపొద్దున ఆవంటాడు, చెంబట్టుకుని పాలు పితకమంటాడు" అంది.

లోపలి గదిలోంచి నవ్వు వినపడింది. చిన్నమ్మ నవ్వగా నేను వినడం అదే మొదటిసారి.

వాటిని ఆమె మంచం మీదికి తీసుకెళ్లాను. ఒకటి తెల్లది, ఒకటి గోధుమరంగుది. రెండూ గుప్పెడంతే ఉన్నాయి, తోకలు లేవు. చిన్నమ్మ వాటికి బియ్యం, బెల్లం అని పేర్లు పెట్టింది. తెల్లదాన్ని అరచేత్తో ఛాతీ మీద పట్టుకుని, "దీని గుండె ఎట్ల కొట్టుకుంటుందో సూడు అనంతా" అంది. తర్వాత చిన్నాయనతో, "వీటికి మంచి గూడు తేవాలె. నేనెట్లనూ కదలొద్దంట. ఇవన్న జర ఉరుకనియ్యండ్రి" అంది.

"ల్యాబ్‌ల ప్యాకింగ్ పెట్టెలు మస్తున్నయి. జాలీ తెచ్చి నేనే కొడత" అన్నాడు చిన్నాయన.

"కొట్టవ్" అంది నాయనమ్మ గుమ్మంలోంచి. "కడుపుతోని ఉన్నదాని మొగడు మేకు కొట్టొద్దు, కొబ్బరికాయ కొట్టొద్దు, గుంత తవ్వొద్దు."

"మేకుకూ కడుపుకూ ఏం సంబంధమే అమ్మా?"

"రెండుసార్లు పోంగ సూస్తివి గద. ఇంకా సంబంధం అడుగుతున్నవా?"

చిన్నాయన చిన్నమ్మ వైపు చూశాడు. ఆమె కళ్లు మూసుకుంది. "వద్దులెండ్రి. కొనుక్కరాండ్రి" అంది.

మర్నాడు సాయంత్రం ఉప్పల్ చౌరస్తా దగ్గర బుచ్చిరాములు దుకాణానికి పోయాం. ఇనుప సామాను కొట్టు, ముందర పంజరాలు వేలాడదీసి ఉన్నాయి.

"ఏం పిట్టలు సారు?"

"పిట్టలు గాదు. గినీ పందులు."

"పందులకు పంజరమా?" బుచ్చిరాములు నవ్వాపుకోలేకపోయాడు. "మా గల్లీల పందులైతే నన్నే పంజరంల పెట్టేటట్టున్నయి సారు."

మొదట చూపించింది గుండ్రని పైకప్పుతో ఎత్తుగా ఉంది. ఇవి పైకి ఎక్కవు, నేల మీద పరుగెత్తుతాయి, ఎత్తెందుకు, పొడుగు కావాలన్నాడు చిన్నాయన. రెండోది పొడుగ్గానే ఉంది, కానీ అడుగంతా తీగలే. అరచెయ్యి ఆనించి చూశాను. తీగలు గుచ్చుకున్నాయి. వాటి పాదాల కింద చర్మం మెత్తన, పుండ్లు పడతాయని చిన్నాయన అన్నాడు. మూడోదానికి చెక్క అడుగు, రెండింటికీ తిరగడానికి చోటు, అన్నీ బాగున్నాయి. చిన్నాయన ధర అడుగుతుంటే నేను ఊచల మధ్య రెండు వేళ్లు పెట్టాను. సులువుగా దూరాయి. మా ఊళ్లో కోళ్లగూటికి ఇట్లాగే చూస్తారు. రెండు వేళ్లు దూరిన సందులో ముంగిస మూతి దూరుతుంది. నోటితో చెప్పలేక, వేళ్లు అట్లాగే పెట్టి చిన్నాయన వైపు చూశాను.

"సమజైంది" అన్నాడాయన.

"పిల్ల మాట్లాడది గని మస్తు హుషారున్నది" అన్నాడు బుచ్చిరాములు.

చివరికి చిన్న గళ్ల ఇనుప జాలీ మూడు గజాలు, కట్టుడు వైరు ఒక చుట్ట కొనుక్కొచ్చాం. చిన్నాయన ల్యాబు నుంచి పొడుగాటి చెక్కపెట్టె తెచ్చాడు. అందులో ఏదో మిషను వచ్చిందట. మేకు అనే మాట లేకుండా, పలకల సందుల్లోంచి వైరు దూర్చి జాలీని బిగించి కట్టాను. అడుగున ఊక పోశాను. దాక్కోవడానికి ఒక కుండను పక్కకి పడుకోబెట్టాను. ఎండ పడకుండా, చిన్నమ్మ కిటికీ కిందనే అరుగు మీద పెట్టాం.

ఆ రోజుల్లో నేను కొత్తిమీర కట్ట విప్పిన చప్పుడుకే రెండూ ఈలలు వేసేవి. చిన్నమ్మకు మంచం మీది నుంచి అవి కనబడవు. విని చెప్పేది. "ఇప్పుడు నీళ్లు తాగుతున్నయి. ఇగో, బియ్యం బెల్లాన్ని తరుముతుంది. ఇప్పుడు కుండలకు దూరినయి." నేను లేచి చూస్తే అట్లాగే ఉండేది.

పన్నెండో రోజు తెల్లవారి ఊడ్వడానికి వెళ్లేసరికి జాలీ ఒక మూల కిందికి వంగి ఉంది. వైరు మెలి తిరిగి ఊడిపోయింది. మురుగు మోరీలోంచి పందికొక్కు వచ్చినట్టుంది. బెల్లం కుండలో వణుకుతోంది. బియ్యానికి ఒక చెవి చీలిపోయి, తెల్లటి ఒంటి మీదుగా రక్తం కారింది. బతికే ఉంది. పసుపు అద్దుతుంటే చిన్నమ్మ చూస్తానంది. చూపించకుండా ఉండాల్సింది. ఆమె దాన్ని లాక్కుని ఛాతీకి హత్తుకుంది. "అనంతా, గట్టిగ చెయ్యే గూడు. నా కండ్ల ముంగట ఇంకోటి పోవొద్దు" అంది.

ఆ మధ్యాహ్నం నాయనమ్మ, అన్నపూర్ణమ్మగారు పక్క వీధిలో సత్యనారాయణ వ్రతానికి వెళ్లారు. నేను అన్నపూర్ణమ్మగారిని సుత్తి, మేకులు ముందే అడిగి పెట్టుకున్నాను. నాయనమ్మ చెప్పింది మొగుడికి కదా, నాకేం దోషమని నాకు నేనే చెప్పుకున్నాను. అరుగు మీదనే కూర్చుని కొట్టడం మొదలుపెట్టాను. మేకులు వంగేవి, పీకేదాన్ని, మళ్లీ కొట్టేదాన్ని. మూడు వైపులా అయ్యింది. పందికొక్కు లాగిన మూలలో మాత్రం చెక్కకు ముడి ఉంది, మేకు దిగలేదు. బొటనవేలు చితికింది.

చిన్నాయన ఆ రోజు తొందరగా వచ్చాడు. నా వేలు చూశాడు, మూల చూశాడు. కిటికీ వైపు ఒకసారి చూసి, "ఇటియ్యి" అని సుత్తి తీసుకున్నాడు. నాలుగు దెబ్బలు. మేకు తలదాకా దిగింది.

"అమ్మకు చెప్పకు" అన్నాడు మెల్లగా. సుత్తి నా చేతికిస్తూ, "తారకు అసలే చెప్పకు. భయపడతది" అన్నాడు.

తల ఊపాను. నోట్‌బుక్కులో జరిగింది జరిగినట్టే రాశాను. మర్నాడు చిన్నమ్మకు చదువుతూ, "బొటనవేలు చితికింది, గూడు పూర్తయింది" అన్నాను. మధ్యలో రెండు వాక్యాలు వదిలేశాను.

"అంతేనా?" అంది కళ్లు మూసుకునే.

"అంతే చిన్నమ్మా."

ఆ తర్వాత ఆమె చదవమని అడగలేదు. నీరసంగా ఉందేమో అనుకున్నాను.

ఇంకో పదకొండు రోజులకు, పొద్దున్నే నొప్పులు వచ్చాయి. అన్నపూర్ణమ్మగారు ఆటో పిలిచింది. దవాఖానాలో రెండు రోజులుంచారు. నన్ను తీసుకెళ్లలేదు. రెండో రోజు చిన్నాయన ఒక్కడే వచ్చి, మంచం కింది ఇటుకలు ఒక్కొక్కటి తీసి పెరట్లో పెట్టాడు. అప్పుడు నాకు తెలిసింది. పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాను.

మూడో రోజు చిన్నమ్మను తీసుకొచ్చి పడుకోబెట్టారు. నాయనమ్మ అరుగు మీద కూలబడింది. ఎదురుగా గూడు. అందులో రెండూ హాయిగా గడ్డి నములుతున్నాయి. ఇన్నాళ్లూ గూటి దగ్గరికే రాని నాయనమ్మ చూపు మేకుల మీద పడింది. వంగి, వేలితో ఒక్కొక్కటి తడిమింది.

"గివి ఎవలు కొట్టిన్రు?"

"నేనే నాయనమ్మా."

"నువ్వు కొడితే ఏం గాదు. వాడు చెయ్యి పెట్టిండా?"

చిన్నాయన నల్లా దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు. నీళ్లు పారుతూనే ఉన్నాయి. ఆయన తల ఎత్తలేదు. నిజం చెబితే ఈ ఇంట్లో ఆయన ముఖం ఇక ఎవరూ చూడరనిపించింది. చిన్నమ్మ ఆయన్ను ఎప్పటికీ క్షమించదనిపించింది.

"లేదు నాయనమ్మా. అన్నీ నేనే కొట్టిన."

నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చిన్నాయన నల్లా కట్టేసి, తడికాళ్లతోనే వీధిలోకి వెళ్లిపోయాడు.

"అనంతా" అని లోపలి నుంచి పిలుపు.

చిన్నమ్మ మంచం దిగి, తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ఇన్నాళ్లలో ఆమె నిలబడి ఉండగా చూడటం అదే మొదలు. నాకన్నా పొట్టి అని అప్పుడే తెలిసింది.

"లేవొద్దు చిన్నమ్మా, పడిపోతవు."

"ఇగ లేస్తే ఏమైతది?" అంది. "నన్ను సూసి చెప్పు. మీ చిన్నాయన కొట్టిండా?"

బయట అన్న మాటే నోటికి వచ్చింది. "లేదు. అన్నీ నేనే కొట్టిన."

"పుస్తకంల గూడ గట్లనే రాసుకున్నవా?"

నేను బొటనవేలిని పిడికిట్లో దాచుకున్నాను.

"రెండు నెలలు పండుకొని నేను చేసిన పనేందే? వినుడే గద. ఆ దినం గూడ విన్న. నువ్వు కొడితే టక్కు టక్కుమని, మేకు వంగితే గుంజుడు, మల్ల కొట్టుడు. ఆఖరికి నాలుగు దెబ్బలు పడ్డయి. అవి నీ చేతివి గావు."

"చిన్నమ్మా..."

"మేకుతోని నా బిడ్డ పోయిందని నేను అంటలేను. ఎందుకు పోయిందో డాక్టరమ్మ చెప్పింది. ఆయన వచ్చి కొట్టిన్నని చెప్తడేమో అని సూసిన. చెప్పలే. నువ్వు సదివినప్పుడు అంతేనా అని అడిగిన. నువ్వూ చెప్పలే."

"నీకు భయమైతదని..."

"అందరు నాకు భయమైతదనే మాట్లాడుతరు. అత్తమ్మ, ఆయన, డాక్టరమ్మ సుత. మంచం చుట్టు మెల్లగ గుసగుస. నువ్వొక్కదానివి ఉన్నదున్నట్టు సదువుతవని, మధ్యాహ్నం ఎప్పుడైతదా అని సూసేదాన్ని."

ఏడుపు రాలేదు ఆమెకు. నాకే వచ్చింది. ఇప్పుడు చదువుతాను, ఆ రోజుది మొత్తం చదువుతాను అనాలనుకున్నాను. ద్వారబంధాన్ని గట్టిగా పట్టుకున్నాను.

చిన్నమ్మ నా వేళ్ల వైపు చూసింది. బొటనవేలి గోరు ఇంకా నల్లగానే ఉంది.

"చెయ్యి తియ్యి. నలుగుతది" అంది.

తీశాను. ఆమె తలుపు మూసింది.